మోడల్ విమానానికి ఇన్‌ఫ్రారెడ్ వాలు సెన్సార్లు బిగించడం ఎలా

ఎండాకాలంలో అనంతపురం చుట్టుపక్కల ఏ బీడులో నిలబడినా కాళ్ల కింద నేల సెగలు కక్కుతుంటుంది. అక్కడే నిలబడి ఒక ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్‌ను ఆకాశం వైపు తిప్పితే, మబ్బు లేని రోజున అది నేల కంటే పదుల డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. మనకు మండిపోతున్నట్టు అనిపించే ఆకాశం ఆ సెన్సార్‌కు చల్లనిదే. నేల వేడి, ఆకాశం చల్లన అనే ఈ ఒక్క తేడాను పట్టుకుని విమానం తాను ఏ పక్కకు వాలిందో తెలుసుకోగలదు, రెక్కలు సమం చేసుకోగలదు. మన రాయలసీమలో ఈ తేడా ఏడాదిలో చాలా నెలలు దండిగా దొరుకుతుంది.

పద్ధతి కొత్తదేమీ కాదు. ఫ్రాన్స్‌లో తులూజ్ నగరంలోని ఎనాక్ విమానయాన కళాశాలలో 2003లో మొదలైన పాపరాజీ అనే ఆటోపైలట్ (విమానాన్ని దానంతట అదే నడిపే పరికరం) ఈ సెన్సార్లతోనే ఎగిరింది. 2009 నాటి ఆర్డుపైలట్ తొలి బోర్డులు కూడా వీటినే వాడాయి. తర్వాత తిరిగే వేగాన్ని కొలిచే గైరో, వేగంలో మార్పును కొలిచే యాక్సెలరోమీటర్ చిప్పులు చౌకయ్యాయి, అందరూ అటు మళ్లారు. అయినా ఇన్‌ఫ్రారెడ్‌కు కొన్ని గుణాలున్నాయి. గైరోలాగా కాసేపటికి లెక్క జారిపోదు. మోటారు వణుకు దీన్ని తికమక పెట్టదు. మలుపులో యాక్సెలరోమీటర్ ఏది కిందో తేల్చుకోలేక తడబడుతుంది, దీనికి ఆ ఇబ్బంది లేదు. అది నేరుగా దిగంతాన్ని చూస్తుంది. కాలేజీ ప్రాజెక్టుగా చేసే విద్యార్థికి భౌతికశాస్త్రం చేతికి తగిలేలా నేర్పే పరికరం ఇంతకంటే మంచిది నాకు తెలియదు.

చాలామంది సెన్సార్లను ఎక్కడో ఒకచోట అతికించేసి, తర్వాత ప్రోగ్రాంలో అంకెలు మార్చుకుంటూ రోజులు గడిపేస్తారు. సెన్సార్ తనకు కనిపించిందే చెబుతుంది. దాని కళ్లెదుట సగం రెక్కే ఉంటే ఏ ప్రోగ్రామూ దాన్ని బాగు చేయలేదు. అందుకే ఇక్కడ ఎక్కువ మాటలు బిగింపు గురించే.

ఏం జరుగుతుందో ముందు తెలుసుకోండి

కరోనా రోజుల్లో నుదుటి దగ్గర పెట్టి జ్వరం చూసిన థర్మామీటర్ గుర్తుందా? దాని లోపల ఉండేది థర్మోపైల్. ఎదురుగా ఉన్న వస్తువు వదిలే పరారుణ కిరణాలను బట్టి దాని వేడిని చెబుతుంది. మనం వాడేదీ అలాంటిదే.

ఒకే రకం సెన్సార్లు రెండు తీసుకుని, ఒకటి కుడి వైపు, ఒకటి ఎడమ వైపు చూసేలా పెట్టండి. విమానం సమంగా ఉంటే రెండూ సగం నేలను, సగం ఆకాశాన్ని చూస్తాయి. రెండు అంకెలూ ఒకటే, తేడా సున్నా. కుడి రెక్క కిందికి వాలితే కుడి సెన్సార్‌కు నేల ఎక్కువ కనిపించి వేడెక్కువ చూపిస్తుంది, ఎడమదానికి ఆకాశం ఎక్కువై చల్లబడుతుంది. ఆ తేడాయే వాలు. ముందుకూ వెనక్కూ మరో జత పెడితే ముక్కు ఎత్తిందో దించిందో తెలుస్తుంది.

అయితే నేలకూ ఆకాశానికీ మధ్య తేడా రోజూ ఒకలా ఉండదు. మే నెల మధ్యాహ్నం ఉన్నంత డిసెంబరు పొద్దున ఉండదు. అందుకని నిట్టనిలువుగా పైకి ఒకటి, కిందికి ఒకటి చూసే మూడో జత కావాలి. పక్క జత తేడాను ఈ మూడో జత తేడాతో భాగిస్తే వచ్చే అంకె వాతావరణం మారినా పెద్దగా మారదు. మూడో జత లేకుండా కూడా ఎగరవచ్చు, కానీ మైదానానికి వచ్చిన ప్రతిసారీ చేత్తో సరిచేసుకోవాలి. ఆరు సెన్సార్లూ పెట్టమనే నా సలహా.

సామాన్లు

పాత విమానాల నుంచి తీసిన నాలుగు కిటికీల సెన్సార్ డబ్బా ఎవరి దగ్గరైనా దొరికితే సరే. లేకపోతే ఎంఎల్ఎక్స్ 90614 సెన్సార్ ఉన్న జీవై 906 మాడ్యూళ్లు ఆరు ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. కొనేటప్పుడు ఒక్క విషయం గట్టిగా చూడాలి: చూపు వెడల్పు 90 డిగ్రీలు ఉన్న రకమే కావాలి. పేరు చివర బీఏఏ అని ఉంటే అదే. డీసీఐ రకం చూపు 5 డిగ్రీలే. దూరంగా ఉన్న చిన్న వస్తువు వేడి చూడటానికి అది బాగుంటుంది, దిగంతానికి పనికిరాదు.

ఆరింటికీ ఫ్యాక్టరీ నుంచి ఒకటే అడ్రస్, అంటే బోర్డు దాన్ని పిలిచే నంబరు వస్తుంది, హెక్స్ (పదహారు అంకెల లెక్క)లో 5ఏ. ఒకే వైరు మీద ఆరింటినీ కలిపితే ఒకదాని మాట మీద ఒకటి మాట్లాడతాయి. ఒక్కోదాని అడ్రస్ మార్చవచ్చు గానీ, అంతకంటే టీసీఏ 9548ఏ అనే మల్టీప్లెక్సర్ బోర్డు (ఒక్కో సెన్సార్‌ను వంతులవారీగా కలిపేది) పెట్టడం తేలిక. దానికి ఎనిమిది దారులు ఉంటాయి, మనకు ఆరు చాలు.

ఇవి కాక ప్రోగ్రాం నడిపే చిన్న బోర్డు ఆర్డుయినో నానో ఒకటి, సన్నని వైరు, గట్టి ఫోమ్ ముక్కలు, రెండు వైపులా అంటుకునే ఫోమ్ టేపు, గ్లూ గన్, చిన్న స్పిరిట్ లెవల్, ఫోన్‌లో కోణం చూపించే యాప్ ఉండాలి. విమానం విషయానికొస్తే, 1.2 నుంచి 1.4 మీటర్ల రెక్క ఉన్న ఫోమ్ ట్రైనర్ (నేర్చుకునేవాళ్ల విమానం) చాలు. నెమ్మదిగా ఎగిరేదైతే మంచిది. ఈ సెన్సార్ల స్పందన గైరోలంత చురుకుగా ఉండదు, పల్టీలు కొట్టే విమానానికి ఇవి సరిపోవు.

ఫెవిక్విక్‌ను మాత్రం సెన్సార్ దగ్గరకు రానివ్వకండి. అది ఆరేటప్పుడు వచ్చే ఆవిరి సెన్సార్ కిటికీ మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది. పైగా థర్మాకోల్‌ను తినేస్తుంది.

చోటు ఎంచుకోవడం

రెక్క నడినెత్తిన ఒక చిన్న దిమ్మె కట్టి దాని మీద సెన్సార్లు పెట్టాలని అందరికీ మొదట తోస్తుంది. అక్కడ అన్నీ కనిపిస్తాయని అనుకుంటాం. లెక్క వేసి చూడండి. ముందు అంచు నుంచి వెనక అంచుకు రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లు, సెన్సార్ ఎత్తు 3 సెంటీమీటర్లు అనుకుందాం. మూల దిశలో చూసే సెన్సార్ నుంచి రెక్క అంచు దాదాపు 14 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే దిగంతం నుంచి కిందికి 12 డిగ్రీల వరకే దానికి నేల కనిపిస్తుంది. ఆ కింద 45 డిగ్రీల దాకా కనిపించేదంతా రెక్కే. విమానం ఎంత వాలినా రెక్క కూడా దానితోపాటే వాలుతుంది కాబట్టి ఆ భాగం నుంచి సెన్సార్‌కు ఏ సమాచారమూ రాదు. పైగా ఎండకు ఒకవైపు రెక్క ఎక్కువ కాగితే తప్పుడు సమాచారం కూడా వస్తుంది.

మోటారు వెనక ఉన్న గ్లైడర్ రకం విమానమైతే ముక్కు కొనను మించిన చోటు లేదు. ముందు, పక్కలు, పైన, కింద అన్నీ ఖాళీ. ముందు ప్రొపెల్లర్ ఉన్న మామూలు ట్రైనర్‌లో రెక్క వెనక, తోకకు ముందు, బాడీ సన్నబడే చోటు ఎంచుకోండి. అక్కడ బాడీ వెడల్పు నాలుగైదు సెంటీమీటర్లే ఉంటుంది. ఒక చిన్న చదరపు ఫోమ్ దిమ్మెను బాడీ పైన కూర్చోబెట్టి, నాలుగు సెన్సార్లనూ దాని నాలుగు మూలల్లో, బాడీ అంచు దాటి కొంచెం బయటికి వచ్చేలా పెట్టాలి. సెన్సార్ ముఖం అంచు దగ్గర ఉంటేనే కిందికి చూపు ఆగదు. అదే సెన్సార్‌ను ఒక్క సెంటీమీటరు లోపలికి జరిపితే బాడీ పైభాగం అడ్డం వచ్చేస్తుంది. పొట్ట మీద దిగే విమానానికి ఈ చోటు మరో రకంగా కూడా మంచిది. రాళ్లకూ, కోసిన చెనక్కాయ చేలోని మోళ్లకూ సెన్సార్లు తగలవు.

మూలల్లో ఎందుకంటే, సూటిగా ముందుకు చూసే సెన్సార్‌కు రెక్క, మోటారు, ప్రొపెల్లర్ ఎదురుగా ఉంటాయి. సూటిగా వెనక్కి చూసేదానికి నిలువు తోక అడ్డం. 45 డిగ్రీలు తిప్పి, ముందు కుడి, ముందు ఎడమ, వెనక కుడి, వెనక ఎడమ చూసేలా పెడితే ఈ అడ్డాలన్నీ చూపు అంచుల్లోకి వెళ్లిపోతాయి. ముందు సెన్సార్లకు రెక్క వెనక అంచు సన్నని గీతలా కనిపిస్తుంది, కానీ రెండింటికీ ఒకేలా కనిపిస్తుంది.

ఇక్కడ పట్టుకోవలసిన సూత్రం ఇదే. రెండు వైపులా ఒకేలా ఉన్న అడ్డం చూపు పదును తగ్గిస్తుంది, అంతే. ఒక్క వైపే ఉన్న అడ్డం విమానాన్ని వాలుస్తుంది. కాబట్టి బిగించే ముందు ఒక్కో సెన్సార్ చోట ఫోన్ కెమెరా పెట్టి ఫోటో తీయండి. కుడి ఫోటో, ఎడమ ఫోటో పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో రిసీవర్ యాంటెనా, సర్వో (పలకలను కదిపే చిన్న మోటారు) కడ్డీ, బ్యాటరీ మూత కనిపించి రెండోదాంట్లో కనిపించకపోతే ముందు దాన్ని జరపండి. కుడి రెక్క నలుపు, ఎడమ రెక్క తెలుపు అన్నట్టు రంగులు వేసి ఉంటే కూడా ఇబ్బందే, నల్లది ఎండకు ఎక్కువ కాగుతుంది. మెరిసే అల్యూమినియం టేపు సెన్సార్ చూపులో ఉండకూడదు. అది అద్దంలా ఆకాశాన్నే తిరిగి చూపిస్తుంది.

నైట్రో ఇంజను వాడేవారు పొగ గొట్టం ఏ వైపు ఉందో చూసుకోవాలి. వేడి గొట్టం చూపులో పడితే ఆ వైపు ఎప్పుడూ నేలే అనుకుంటుంది. పొగతో వచ్చే నూనె కిటికీ మీద పడితే అంతకంటే కష్టం. కరెంటు మోటారు విమానాల్లో అంత బాధ లేదు గానీ, మోటారు వేగాన్ని అదుపు చేసే బోర్డు ఈఎస్‌సీని సెన్సార్ దిమ్మెకు ఆనించి పెట్టకండి. దాని వేడి ఒక సెన్సార్ ఒంటికి తగిలితే ఆ ఒక్కటే తప్పు చెబుతుంది. థర్మోపైల్ తన సొంత వేడికీ ఎదుటి వస్తువు వేడికీ ఉన్న తేడాను కొలుస్తుంది. దాని ఒళ్లంతా ఒకే వేడిలో ఉండాలి.

బిగించడం

ముందుగా విమానం ఎగిరేటప్పుడు ఏ భంగిమలో ఉంటుందో ఆ భంగిమలో దాన్ని టేబుల్ మీద నిలబెట్టండి. చక్రాల మీద నిలుచున్న భంగిమ కాదు. తోక చక్రం ఉన్న విమానం నేల మీద ముక్కు ఎత్తుకుని నిలబడుతుంది, ఆ స్థితిలో సెన్సార్లను సమం చేస్తే గాల్లో ముక్కు ఎప్పుడూ పైకి లేపాలని చూస్తుంది. మామూలు ట్రైనర్లలో అడ్డ తోకను సమంగా పెడితే ఎగిరే భంగిమకు దగ్గరగా వస్తుంది. అడ్డ తోక మీద స్పిరిట్ లెవల్ పెట్టి, ముక్కు కింద లేదా తోక కింద ఏదైనా ఆసరా పెట్టి సమం చేయండి. రెక్కల కొనలు రెండూ టేబుల్ నుంచి ఒకే ఎత్తులో ఉన్నాయా అని స్కేలుతో కొలవండి.

ఇప్పుడు దిమ్మెను అతికించి దాని మీద స్పిరిట్ లెవల్ పెట్టండి. ముందు వెనకలు, కుడి ఎడమలు రెండూ చూడాలి. తేడా ఉంటే దిమ్మె కింద పలుచని ప్లాస్టిక్ ముక్కలు పెట్టి సరిచేయండి. ఇక్కడ ఒక డిగ్రీ పోతే గాల్లో ఒక డిగ్రీ పోతుంది.

సెన్సార్‌ను ఫోమ్‌లో కొంచెం లోపలికి కూర్చోబెడితే గాలి నేరుగా తగలదు, దెబ్బ తగిలినా కాపాడుతుంది. అయితే ఎంత లోపలికి అనేదానికి లెక్క ఉంది. చూపు ఇరువైపులా 45 డిగ్రీలు. కాబట్టి 3 మిల్లీమీటర్లు లోపలికి పెడితే రంధ్రం అంచు కూడా కిటికీ అంచు నుంచి 3 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. అంటే రంధ్రాన్ని గరాటులా బయటికి వెడల్పుగా కోయాలి. నిట్టనిలువు గోడలతో గొట్టంలా కోస్తే చూపు ఇరుకై పోతుంది. లోతు ఎంతైనా నాలుగింటికీ ఒకటే ఉండాలి.

దుమ్ము పడుతుందని ముందు గాజు ముక్క గానీ, పారదర్శకమైన అక్రిలిక్ గానీ పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. మన కంటికి గాజు కనపడనట్టే ఉంటుంది, ఈ కిరణాలకు అది గోడ. పలుచని పాలిథీన్ కవరు మాత్రం చాలావరకు దాటనిస్తుంది. ఎర్రమట్టి దుమ్ము లేచే చోట ఎగరేసేవారు కావాలంటే ఆ కవరు ఒక పొర కట్టవచ్చు, ఆరింటికీ ఒకే కవరు ముక్కలు వాడాలి. నేనైతే ఏమీ కట్టకుండా, మైదానం చేరేదాకా టోపీలాంటి ఫోమ్ మూత పెట్టుకోమంటాను.

దిమ్మెను బాడీకి ఫోమ్ టేపుతో అతికించి, చుట్టూ నాలుగు చుక్కలు గ్లూ గన్ జిగురు వేయండి. మొత్తం పూస్తే రేపు విప్పడం కష్టం.

పైకి, కిందికి చూసే జతకు రెక్కలోనే చోటు చేయండి. ఫోమ్ రెక్కకు ఆరుపార రంధ్రం కోసి, పై ముఖంలో ఒక సెన్సార్, కింది ముఖంలో ఒక సెన్సార్ ఎదురెదురు దిక్కులకు చూసేలా కూర్చోబెట్టాలి. బాడీ నుంచి ఎంత దూరం? రెక్క కింద బాడీ ఎంత లోతుందో కనీసం అంత దూరం. బాడీ లోతు 10 సెంటీమీటర్లయితే బాడీ గోడ నుంచి 10 సెంటీమీటర్లకు పైగా. అప్పుడు కిందికి చూసే సెన్సార్ 45 డిగ్రీల చూపులో బాడీ పడదు. చక్రాల కాళ్లు బయటికి చాచుకుని ఉంటే ఇంకొంచెం జరపండి. రంధ్రం రెక్క లోపలి కడ్డీని కోయకుండా చూసుకోవాలి. రెండో రెక్కలో అదే దూరంలో అంతే బరువు పెడితే తూకం తప్పదు.

వైర్ల దగ్గర రెండు మాటలు చాలు. ఈ సెన్సార్ల మాట వేగం సెకనుకు లక్ష బిట్లకు మించకూడదు, వైరు పొడవు ఒక అడుగు లోపు ఉంటే నిశ్చింత. మల్టీప్లెక్సర్‌ను ఆర్డుయినోకు కాకుండా సెన్సార్లకు దగ్గరగా పెట్టండి. మోటారుకు వెళ్లే లావు వైర్లతో కలిపి కట్టకండి, దాటవలసి వస్తే అడ్డంగా దాటించండి.

గుర్తులు సరిచూడటం

ముందు కుడి నుంచి వెనక ఎడమను తీసేస్తే వచ్చేది మొదటి జత అంకె. ముందు ఎడమ నుంచి వెనక కుడిని తీసేస్తే వచ్చేది రెండో జత అంకె. కుడికి వాలితే కుడి వైపు రెండూ వేడెక్కుతాయి, మొదటి అంకె పెరుగుతుంది, రెండోది తగ్గుతుంది. కాబట్టి మొదటిదాంట్లోంచి రెండోదాన్ని తీసేస్తే పక్క వాలు. ముక్కు దించితే ముందున్నవి రెండూ వేడెక్కుతాయి, రెండు అంకెలూ పెరుగుతాయి. కాబట్టి రెండింటినీ కలిపితే ముక్కు వాలు.

ఇంట్లో దీన్ని సరిచూడలేరు. గదిలో కప్పు, నేల, గోడ అన్నీ దాదాపు ఒకే వేడి. ఇంట్లో చేయగలిగింది ఒక్కటే: అరచేతిని గానీ, వేడి టీ గ్లాసును గానీ కుడి వైపు సెన్సార్ల ముందు పెట్టండి. కుడి వైపు నేల వచ్చిందనుకుని, అంటే కుడి రెక్క వాలిందనుకుని విమానం స్పందించాలి. కుడి ఎయిలెరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) కిందికి, ఎడమది పైకి కదలాలి. తిరగబడి కదిలితే ప్రోగ్రాంలో గుర్తు మార్చాలి. గ్లాసును ముక్కు వైపు సెన్సార్ల ముందు పెడితే ఎలివేటర్ (అడ్డ తోక వెనక కదిలే పలక) పైకి లేవాలి. ఈ రెండూ కళ్లారా చూసి, పక్కవాళ్లకు కూడా చూపించి, ఆ తర్వాతే మైదానానికి తీసుకెళ్లండి. గుర్తు తిరగబడిన విమానం కొంచెం వాలగానే మరింత వాలుతుంది, ఆపే వ్యవధి ఉండదు.

ట్రాన్స్‌మిటర్‌లో ఒక స్విచ్ తప్పనిసరిగా దీనికే కేటాయించండి. స్విచ్ ఆపితే సెన్సార్ల జోక్యం మొత్తం ఆగిపోవాలి, విమానం పూర్తిగా మీ చేతికి రావాలి. వీలైతే ఒక నాబ్ కూడా పెట్టుకోండి, సర్దుబాటు ఎంత గట్టిగా ఉండాలో గాల్లోనే తగ్గించి పెంచుకోవచ్చు.

మైదానంలో

అనంతపురంలో ఎగరేసేవాళ్లకు గాలి సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి మధ్యాహ్నాలు ఊరుకోదు, ఈ ప్రాంతంలో గాలిమరలు ఊరికే పెట్టలేదు. పొద్దు పొడిచిన గంట రెండు గంటల తర్వాత గాలి ఇంకా నెమ్మదిగా ఉంటుంది, నేలకు వేడి ఎక్కడం మొదలవుతుంది. మొదటిసారికి ఆ వేళ మంచిది.

ఎగరేసే ముందు ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు చూసుకోండి. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా, విమానాశ్రయం హద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యలో అయితే 200 అడుగుల దాకా అవకాశం ఉంటుంది. పుట్టపర్తి, కడప, ఓర్వకల్లు దగ్గర ఉండేవారు ఇది మరిచిపోకూడదు. విమానం ఎప్పుడూ కంటికి కనిపిస్తూనే ఉండాలి.

కారులోంచి దించగానే ఎగరేయకండి. ఏసీలో వచ్చిన విమానం బయటి వేడికి సర్దుకునేదాకా సెన్సార్లు సరిగా చెప్పవు. నీడలో పది పదిహేను నిమిషాలు ఉంచండి. ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ పడేలా నిలబెట్టకండి.

తర్వాత మనుషులకు, బండ్లకు, చెట్లకు దూరంగా వెళ్లి, విమానాన్ని తల కంటే ఎత్తులో పట్టుకోండి. మీ ఒళ్లు కూడా సెన్సార్‌కు వేడి వస్తువే. ల్యాప్‌టాప్‌లో గానీ ఫోన్‌లో గానీ అంకెలు చూసే స్నేహితుడు పక్కన ఉంటే సుఖం. సమంగా పట్టుకుని, ఒక పూర్తి చుట్టు తిరగండి. చుట్టంతా పక్క వాలు సున్నా దగ్గరే ఉండాలి. ఏ దిక్కుకు తిరిగినా ఒకే వైపు ఒకే అంత తేడా వస్తుంటే దిమ్మె వంకరగా ఉందని లేదా ఒక సెన్సార్‌కు అడ్డం ఉందని అర్థం. తేడా దిక్కును బట్టి మారుతుంటే లోపం విమానంలో లేదు, ఆ దిక్కున గుట్టో, చెరువో, ఇళ్లో ఉన్నాయి.

ఇప్పుడు ఫోన్‌ను రెక్కకు ఆనించి, యాప్ చూస్తూ సరిగ్గా 20 డిగ్రీలు కుడికి వాల్చండి. అప్పుడు వచ్చే పక్క వాలు అంకెను పై కింద జత తేడాతో భాగించండి. ఉదాహరణకు కింద 50, పైన 10 అయితే తేడా 40. పక్క అంకె 20 వచ్చిందనుకుంటే నిష్పత్తి 0.5. అంటే 0.025కు ఒక డిగ్రీ. ఎడమకు కూడా 20 డిగ్రీలు వాల్చి చూడండి, దాదాపు అంతే రావాలి. ముక్కుకు కూడా ఇదే విధంగా చేయండి. ఈ కొలత ఆ విమానానిది, ఆ బిగింపుది. వేరేవాళ్ల విమానం అంకె తెచ్చి పెట్టుకుంటే కుదరదు. 30 డిగ్రీలు దాటాక నిష్పత్తి పెరగడం నెమ్మదిస్తుంది, ఎందుకంటే ఒక సెన్సార్ దాదాపు అంతా నేలనే చూస్తుంటుంది. ట్రైనర్‌ను సమం చేసే పనికి అది అడ్డం కాదు.

పై కింద తేడా 10 డిగ్రీల కంటే తక్కువ ఉంటే ఆ రోజు సెన్సార్లను నమ్మకండి. ప్రోగ్రాంలోనే ఆ హద్దు పెట్టి, దిగువకు పడితే జోక్యం దానంతట అదే ఆగిపోయేలా రాయండి. తుపాను రోజుల్లో మబ్బు కిందికి దిగి ఊరంతా కమ్ముకున్నప్పుడు ఇలా జరుగుతుంది. మబ్బు కూడా ఇంచుమించు నేలంత వేడిగానే కనిపిస్తుంది కదా.

మొదటిసారి గాల్లోకి

స్విచ్ ఆపి ఉంచి, మీ చేతుల మీదే పైకి తీసుకెళ్లండి. ట్రిమ్ (కర్రలు వదిలినప్పటి పలకల స్థానం) సరిచేసి, ట్రాన్స్‌మిటర్ కర్రలు వదిలినా కాసేపు సూటిగా వెళ్లేలా చేయండి. 150 అడుగుల ఎత్తులో నాబ్ పూర్తిగా తగ్గించి స్విచ్ వేయండి. మెల్లగా పెంచుతూ, విమానాన్ని కొంచెం వాల్చి కర్ర వదలండి. దానంతట అదే సమానానికి వస్తుంటే బిగింపు సరిగా ఉన్నట్టు. రెక్కలు కుడి ఎడమలకు వణికినట్టు ఊగడం మొదలైతే నాబ్ ఎక్కువైంది, ఊగడం ఆగేదాకా తగ్గించండి. ముక్కు ఎప్పుడూ పైకి లేపుతూ వేగం పోగొట్టుకుంటుంటే వెంటనే స్విచ్ ఆపి దించండి. అప్పుడు దిమ్మె ముందు వెనకల సమం మళ్లీ చూడాలి, ప్రోగ్రాంలో అంకె మార్చి సరిపెట్టకండి.

గుట్టలున్న చోట ఒక విషయం గుర్తుంచుకోండి. కుడి వైపు దిగంతం మీద 6 డిగ్రీల ఎత్తున గుట్ట నిలబడి ఉంటే, కుడి సెన్సార్‌కు నేల అంత ఎక్కువగా కనిపిస్తుంది. విమానం సుమారు 3 డిగ్రీలు ఎడమకు, అంటే గుట్టకు దూరంగా ఒరుగుతుంది. గుత్తి కోట కింద గానీ, చుట్టూ కొండలున్న కడప వైపు గానీ ఎగరేస్తే ఇది బాగా తెలుస్తుంది. పైకి వెళ్లేకొద్దీ తగ్గుతుంది. చెరువు దగ్గర దీనికి తిరుగుడుగా ఉంటుంది. పగటి పూట బుక్కరాయసముద్రం చెరువు నీరు చుట్టూ ఉన్న నేల కంటే చల్లన. నీటి వైపు సెన్సార్ చల్లగా చూపడంతో ఆ రెక్క పైకి లేచిందనుకుని విమానం నీటి వైపే ఒరుగుతుంది. పొద్దు గూకాక నేల తొందరగా చల్లారుతుంది, నీరు వేడి నిలుపుకుంటుంది, అప్పుడు ఒరిగే దిక్కు మారుతుంది. అందుకని చెరువు గట్టు పక్కన కాకుండా, నాలుగు వైపులా ఒకేలా పరుచుకున్న బీడునో, కోత అయిపోయిన చేనునో ఎంచుకోండి. పొలంలో చెత్త తగలబెట్టేవాళ్లు ఉంటే ఆ మంట చల్లారేదాకా ఆగండి.

దించిన తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొంచెం తడిపిన దూది పుల్లతో ఆరు కిటికీలనూ మెల్లగా తుడవండి. చొక్కా అంచుతో తుడిస్తే ఎర్రమట్టి రవ్వలు గీతలు పెడతాయి. తుడిచాక ఫోమ్ మూతలు పెట్టేయండి. పొట్ట మీద గట్టిగా దిగి ఉంటే, మళ్లీ ఎగరేసే ముందు దిమ్మె మీద స్పిరిట్ లెవల్ పెట్టి చూడండి.